మహాచాయ్ రేవు దేవుడి దగ్గరికి: వేట పడవలు దండం పెట్టి కదిలే గుడికి ఎలా వెళ్లాలి, అక్కడ ఏం చేయాలి

గొడుగులు ముడుస్తూ రైలుకు దారిచ్చే మేక్లాంగ్ బజారును చూడటానికి బ్యాంకాక్ నుంచి రైల్లో వెళ్లేవాళ్లు మధ్యలో మహాచాయ్ అనే ఊళ్లో దిగక తప్పదు. దిగుతారు, పంటు ఎక్కి నది దాటుతారు, అవతలి ఒడ్డున ఇంకో రైలు కోసం పరుగెత్తుతారు. ఆ తొందరలో ఊరి పెద్దను పలకరించకుండానే వెళ్లిపోతారు. ఆ పెద్ద తా చీన్ నది ఒడ్డున ఉన్న చావ్ ఫో లక్ మువాంగ్. సముద్రం మీదికి వేటకు వెళ్లే పడవలవాళ్లు బయలుదేరే ముందు మొక్కి, సీమటపాకాయల దండ పేల్చి, చెప్పి వెళ్లే దేవుడు.

గుడిని మాత్రమే చూసి రావాలనుకుంటే పావుగంట చాలు. ఎత్తయిన గోపురాలు, వైభవమైన ప్రాంగణాలు ఆశించి వెళితే నిరాశే మిగులుతుంది. ఇది పనిచేసే రేవులోని పనిచేసే గుడి. నదిని, పడవలను, బజారును, అవతలి ఒడ్డును కలిపి చూస్తేనే ఈ దేవుడికి ఇక్కడ ఎందుకంత మన్నన ఉందో అర్థమవుతుంది. అందుకే కనీసం ఒక పూట, వీలైతే ఒక రోజు కేటాయించుకునేవారి కోసమే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ దేవుడి సంగతి తెలుసుకోండి

థాయ్‌లాండ్‌లో ప్రతి పెద్ద పట్టణానికీ ఒక లక్ మువాంగ్ ఉంటుంది. మన పల్లెల్లో ఊరి నడుమ పాతే బొడ్రాయి ఎలాంటిదో, అక్కడ పట్టణానికి ఈ స్తంభం అలాంటిది. ఊరికి ప్రాణం అందులోనే ఉందని నమ్మకం. బ్యాంకాక్‌లో మొదటి రామా రాజు 1782 ఏప్రిల్ 21న స్తంభం నాటించాకే రాజధాని నిర్మాణం మొదలుపెట్టాడు. కాలక్రమంలో స్తంభంలోని శక్తి చాలా ఊళ్లలో ఒక దేవతా రూపం తీసుకుంది. చైనా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎక్కువగా ఉన్న పట్టణాల్లో ఆ దేవతకు చైనా పద్ధతి గుడి కట్టారు. మహాచాయ్‌లో జరిగింది అదే. లోపల కొలువైనది చెక్కతో మలిచిన మూర్తి. ‘చావ్ ఫో’ అన్నది ఇలాంటి కావలి దేవుళ్లను తండ్రిగా, దొరగా భావించి పిలిచే పిలుపు.

ఈ గుడి పక్కనే వీచియన్ చోడొక్ అనే పాత కోట శిథిలాలున్నాయి. దేవుడికి ఆ కోట పేరుతో ఇంకో పిలుపు కూడా ఉంది. కోటను 1828లో, మూడవ రామా రాజు కాలంలో కట్టారు. అప్పటికి లావోస్ విషయంలో వియత్నాంతో సియాంకు (థాయ్‌లాండ్ పాత పేరు) చెడింది. శత్రువు నావల మీద వచ్చి, మహాచాయ్ కాలువ పట్టుకుని నేరుగా బ్యాంకాక్ మీద పడవచ్చన్న భయంతో కాలువ తా చీన్ నదిలో కలిసే చోట ఫిరంగులు నిలిపారు. యుద్ధం ఇక్కడి దాకా రాలేదు. కోటలో ఇప్పుడు చెట్లు, ఇటుక గోడలు, కొన్ని ఫిరంగులు మిగిలాయి. సైనికుల కాపలా పోయినా దేవుడి కాపలా మాత్రం ఇప్పటికీ సాగుతోంది.

ఊరి పేరుకు మూలం ఆ కాలువే. దాన్ని ఎందుకు తవ్వారన్న కథ ఇంకో గుడికి దారితీస్తుంది. దాని దగ్గరికి చివర్లో వెళదాం. నది పేరు తా చీన్. ఇది చావో ఫ్రాయా నుంచి విడివడి, సుఫాన్ బురి, నఖోన్ పథోమ్ ప్రాంతాల మీదుగా దిగి ఇక్కడ థాయ్‌లాండ్ సింధుశాఖలో కలుస్తుంది. ఒకప్పుడు చైనా ఓడలు ఆగిన రేవు ఇది. 16వ శతాబ్దం మధ్యలో పాత రాజధాని అయుథయను ఏలిన రాజు మహా చక్రఫత్ దీన్ని సాఖోన్ బురి అనే పట్టణంగా చేశాడు. నాలుగవ రామా రాజు కాలం నుంచి అధికారిక పేరు సముత్ సాఖోన్. కానీ జనం నోట ఇప్పటికీ మహాచాయే. రైలు స్టేషన్ బోర్డు మీదా అదే పేరు.

ఎప్పుడు వెళ్లాలి

పొద్దున్నే వెళ్లాలి. ఎండ ముదిరాక ఎండుచేపల బజారులో నడవడం సాహసమే. అంతకంటే ముఖ్యంగా, రేవుకు ప్రాణమున్న గంటలు ఉదయమే. బ్యాంకాక్ నుంచి ఆరు, ఏడు గంటల మధ్య రైలెక్కితే మీరు చేరేసరికి బజారు మంచి ఊపు మీద ఉంటుంది.

వాతావరణం పరంగా నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. చైనా కొత్త సంవత్సరం రోజుల్లో గుడి కిటకిటలాడుతుంది. మీకు పొగ పడకపోతే ఆ వారం తప్పించండి. ఊరి సొంత పండుగ జూన్ ప్రాంతంలో వస్తుంది. తేదీ ఏటా మారుతుంది. ఆ రోజుల్లో చావ్ ఫో మూర్తిని ఊరంతా ఊరేగించి, అలంకరించిన వేట పడవ మీద నది దాటించి అవతలి తా చలోమ్‌కు తీసుకెళతారు. వెనకాలే మిగతా పడవలు కదులుతాయి. సింహ నృత్యాలు, డోళ్లు, టపాకాయలు. జూన్ అంటే వానలు మొదలైన కాలం, ఉక్కపోత కూడా ఎక్కువే. అయినా ఒక్కసారే వెళ్లగలిగినవారికి నా సలహా ఆ పండుగకే వెళ్లమని. మిగతా రోజుల్లో జనం దేవుడి దగ్గరికి వస్తారు, ఆ రోజున ఆయనే పడవెక్కి జనం దగ్గరికి వెళతాడు.

బయలుదేరే ముందు

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి థాయ్‌లాండ్ 2024 జులై నుంచి 60 రోజుల వరకు వీసా లేకుండా ప్రవేశం ఇచ్చింది. ఈ నిబంధన మారుతుందన్న వార్తలు తరచుగా వస్తుంటాయి కాబట్టి టికెట్ కొనేముందే థాయ్ రాయబార కార్యాలయం ప్రకటన చూసుకోండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే సైటు ఏదైనా దళారులదే.

సంచిలో ఏముండాలన్న సంగతి క్లుప్తంగా చెబుతాను. 20, 50, 100 బాత్ నోట్లు, చిల్లర నాణేలు. జారని చెప్పులు, ఎందుకంటే చేపల బజారు నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పే నూలు బట్టలు. నీళ్ల సీసా. ఫోనులో మ్యాపు నుంచి థాయ్ లిపిలో గుడి పేరును తెరచిత్రంగా దాచుకోండి. మోటారుసైకిల్ టాక్సీ అతనికి మీ ఉచ్చారణ కన్నా ఆ బొమ్మే బాగా అర్థమవుతుంది.

బ్యాంకాక్ నుంచి మహాచాయ్‌కి

కార్లు, వ్యాన్లు రామా 2 రోడ్డు మీదుగా వస్తాయి. ఏళ్ల తరబడి నిర్మాణ పనులతో, వాహనాల బారులతో పేరు మోసిన రోడ్డది. రైలు చవక, పైగా సరదా. నా మాట విని రైలే ఎక్కండి.

బీటీఎస్ స్కైట్రైన్‌లో వాంగ్‌వియన్ యాయ్ స్టేషన్‌లో దిగండి. అదే పేరుతో ఉన్న రైల్వే స్టేషన్ వేరు. అక్కడికి పది పదిహేను నిమిషాల నడక. తక్సిన్ రాజు గుర్రం మీదున్న విగ్రహపు కూడలి దగ్గర్లో, దుకాణాల మధ్య దాక్కున్నట్టుంటుంది. హువా లాంఫాంగ్‌కో, కొత్త క్రుంగ్ థెప్ అఫివాట్ స్టేషన్‌కో వెళ్లారంటే మహాచాయ్ రైలు దొరకదు. ఈ మార్గం దేశంలోని మిగతా రైలు మార్గాలతో కలవదు.

టికెట్ కౌంటర్ దగ్గరే కొనాలి. కొన్నేళ్లుగా పది బాత్‌లే. రైళ్లు సుమారు గంటకొకటి. ప్రయాణం దాదాపు గంట, దూరం 30 కిలోమీటర్ల పైచిలుకు. తెరిచిన కిటికీల పక్కనుంచి ఇళ్ల పెరళ్లు, ఆరేసిన బట్టలు, కొబ్బరి తోటలు, కాలువలు చేతికందేంత దగ్గరగా వెళుతుంటాయి. చేతులు మాత్రం బయట పెట్టకండి. 20వ శతాబ్దం మొదట్లో ఒక ప్రైవేటు కంపెనీ వేసిన మార్గమిది. సముద్రపు సరుకును రాజధానికి చేర్చడమే దాని పని. చేపల బుట్టలు పోయి ఉద్యోగులు, విద్యార్థులు మిగిలారు.

స్టేషన్లో ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరుకు జాతీయ గీతం మోగుతుంది. నడుస్తున్నవాళ్లంతా ఉన్నచోటే నిలబడతారు. మీరూ నిలబడండి. ఒక నిమిషం పని.

స్టేషన్ నుంచి గుడికి, బజారు గుండా

మహాచాయ్ స్టేషన్ బజారు కడుపులో ఉంటుంది. రైలు దిగిన అడుగులోనే రొయ్యలు, పీతలు, ఎండు స్క్విడ్, ఉప్పు చేపలు, రొయ్యల ముద్ద వాసన. సముద్ర ఉత్పత్తుల వ్యాపారంలో దేశంలోని అతి పెద్ద కేంద్రాల్లో ఈ జిల్లా ఒకటి. 2020 డిసెంబరులో థాయ్‌లాండ్‌లో కోవిడ్ రెండో ఉధృతి బయటపడింది ఈ ఊరి రొయ్యల టోకు మార్కెట్‌లోనే. ఆ దెబ్బకు నెలల తరబడి ఊరి పేరు చెబితేనే జనం వెనక్కి తగ్గారు. ఇప్పుడు ఆ ఛాయలేమీ లేవు.

పూలదండ కొనదలిస్తే ఈ బజారులోనే కొనండి. మల్లె మొగ్గలు, బంతిపూలతో అల్లిన చిన్న దండలు ‘ఫువాంగ్ మాలై’ పేరుతో దొరుకుతాయి. కొనేముందు వాసన చూడకండి. దేవుడికిచ్చే పువ్వును ముందు మనం మూచూడకూడదన్న పట్టింపు మనకెంతో వాళ్లకూ అంతే.

అక్కడి నుంచి గుడికి నడిచి వెళ్లవచ్చు, లేదా రంగు జాకెట్టు వేసుకున్న మోటారుసైకిల్ టాక్సీ ఎక్కవచ్చు. ఎక్కేముందే ధర అడగాలి. ‘సాన్ చావ్ ఫో లక్ మువాంగ్’ అంటే సరిపోతుంది. అనుమానముంటే ఫోనులోని బొమ్మ చూపించండి. కోట ఇటుక గోడ, ఫిరంగులు కనబడితే సరైన చోటికే వచ్చారు. ముందు కోట ఆవరణలో ఒకసారి తిరిగి నది వైపు చూడండి. ఫిరంగి ఏ దిక్కును కాపలా కాసిందో తెలిశాక లోపలి దేవుడి దిక్కు కూడా సులువుగా తెలుస్తుంది.

గుడిలో ఏ వరసలో ఏం చేయాలి

తొందరపడకండి. గడప దగ్గర ఒక నిమిషం ఆగి, ముందున్న స్థానికులు ఏం చేస్తున్నారో గమనించండి. థాయ్-చైనా గుళ్లన్నిటిలో పద్ధతి సుమారుగా ఒకటే అయినా, ఏ కుండీలో ఎన్ని అగరుబత్తీలు గుచ్చాలన్నది గుడిగుడికీ మారుతుంది. చాలా చోట్ల కుండీల మీద వరస అంకెలు, బత్తీల సంఖ్య రాసి ఉంటాయి. వాటినే అనుసరించండి. పక్కవాళ్లను చూసి చేయడంలో నామోషీ ఏమీ లేదు.

లోపల పూజ సామగ్రి ఒక కట్టగా పెట్టి ఉంటుంది. అగరుబత్తీలు, ఎర్ర కొవ్వొత్తులు, చిన్న కాగితాల మధ్య అంటించిన బంగారు రేకు. కొన్నిచోట్ల ధర రాసి ఉంటుంది, కొన్నిచోట్ల పక్కన హుండీ మాత్రమే ఉంటుంది. మీకు తోచింది వేయండి. కట్ట తీసుకుని ఏమీ వేయకుండా వెళ్లడం మాత్రం మర్యాద కాదు.

కొవ్వొత్తిని, అగరుబత్తీలను అక్కడ వెలుగుతున్న నూనె దీపం నుంచే వెలిగించుకోవాలి. మంటను నోటితో ఊదకండి, చేత్తో విసిరి ఆర్పండి. మొదటి దండం లోపలి దేవుడికి కాదు. గుడి ముందు ఆరుబయట ఆకాశ దేవుడికి ఒక కుండీ ఉంటుంది. బయటికి తిరిగి ఆయనకు మొక్కాలి. ఆ తర్వాతే లోపలికి తిరిగి చావ్ ఫోకు, చివరికి పక్క పీఠాల్లోని దేవతలకు. రెండు చేతుల మధ్య అగరుబత్తీలు పట్టుకుని, నుదుటి దాకా ఎత్తి వంగాలి. పొడవు జుట్టు ఉన్నవారు ముడి వేసుకోవడం మంచిది. రద్దీలో నిప్పు ఎవరి తలను తాకుతుందో చెప్పలేం.

మొక్కేటప్పుడు మనసులో తమ పేరు, ఊరు, ఏ పని మీద వచ్చారో చెప్పుకోవడం అక్కడి అలవాటు. తెలుగులో చెప్పుకోండి. భాష గురించి అక్కడ ఎవరికీ పట్టింపు లేదు.

బంగారు రేకు అంటించడానికి విడిగా ఒక చిన్న మూర్తి ఉంటే దానికే అంటించాలి. ప్రధాన మూర్తి మీదికి ఎగబాకకండి. రేకు పల్చన, ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది. వేలితో తాకకుండా కాగితంతోనే అద్ది మెల్లగా ఊడదీయాలి. నూనె దీపంలో నూనె పోయడం కూడా ఒక సేవే. సీసా మొత్తం ఒకేసారి ఒంపకుండా కొంచెం కొంచెంగా పోయండి, పొంగితే తుడిచేది అక్కడి సేవకులు.

ఇలాంటి గుళ్లలో వెదురు గొట్టంలో అంకెలు వేసిన పుల్లలు ఉంటాయి. ‘సియమ్సీ’ అంటారు. మోకాళ్ల మీద కూర్చుని, ప్రశ్న తలచుకుని, ఒక్క పుల్ల బయటికి జారే దాకా గొట్టాన్ని ఊపుతారు. ఆ అంకె ఉన్న చీటీలో జవాబు ఉంటుంది. పక్కనే అర్ధచంద్రాకారపు చెక్క ముక్కల జత కూడా ఉండవచ్చు. కింద వేస్తే ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడాలి. అలా పడితే దేవుడు అవునన్నట్టు. చీటీ థాయ్‌లోనో చైనా లిపిలోనో ఉంటుంది కాబట్టి ఫోనులో అనువాదం చేసుకోవచ్చు. జోస్యంలో మంచి రాకపోతే ఆ చీటీని ఇంటికి తీసుకెళ్లకుండా గుళ్లోనే వదిలేయడం అక్కడివాళ్ల తరుణోపాయం.

టపాకాయల సంగతికి వస్తే, వాటిని మీరు సొంతంగా పేల్చకండి. పేల్చే చోటు వేరుగా ఉంటుంది, పేల్చేవాళ్లు వేరే ఉంటారు. చప్పుడు మొదలైతే చెవులు మూసుకుని పక్కకు జరగండి. చిన్నపిల్లలతో వెళితే ముందే చెప్పి ఉంచండి. ఆ మోత వేడుక కోసం కాదు. సముద్రంలోకి పోయే మనిషి తన రాకపోకలను దేవుడి చెవిన వేసే పద్ధతి అది.

మొక్కుకునే ముందు ఆలోచించండి

మనవాళ్లు ఎక్కడికి వెళ్లినా ఒక కోరిక కోరడం మామూలే. థాయ్‌లాండ్‌లో కోరిక కోరడం వేరు, మొక్కుకోవడం వేరు. మొక్కును ‘బొన్’ అంటారు, తీర్చడాన్ని ‘కే బొన్’. మొక్కుకుంటే అది ఖచ్చితమైన ఒప్పందం. ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి, జరిగితే ఏం ఇస్తాను అన్న మూడు మాటలూ స్పష్టంగా చెప్పాలి. పని జరిగాక వెంటనే వచ్చి తీర్చాలి. ఎగ్గొడితే వచ్చిన మేలు పోవడమే కాదు, కీడు కూడా చుట్టుకుంటుందని గట్టి నమ్మకం.

చెల్లించేవి ఊరూరా మారతాయి. పండ్లు, ఉడికించిన కోడి, పంది తల దగ్గర మొదలై ఒక రాత్రి చైనా నాటకం ఆడించడం దాకా వెళతాయి. గుడి ఎదురుగా వేదిక కనిపించి, ప్రేక్షకులు పెద్దగా లేకున్నా నాటకం సాగుతుంటే ఆశ్చర్యపోకండి. అది దేవుడు చూడటానికి ఆడేది. వేదిక ముఖం గుడి వైపే ఉంటుంది. మీరు వెనక వరసలో కూర్చుని చూడవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు.

మరుసటి వారం హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఇక్కడ మొక్కుకోవద్దని నా సలహా. దండం పెట్టండి, క్షేమం కోరండి, అంతటితో ఆపండి. సముద్రం అవతల మొక్కు బాకీ పెట్టుకోవడం ఎందుకు?

రేవు దగ్గర కళ్లు, కాళ్లు, కెమెరా

గుడి నుంచి నది ఒడ్డుకు వస్తే పడవలు. అణియాలకు, అంటే పడవల ముందు కొసలకు కట్టిన రంగురంగుల గుడ్డలు, వాడిన పూలదండలు చూస్తారు. ప్రతి పడవకూ మే యా నాంగ్ అనే కావలి దేవత ఉంటుంది, ఆమె స్థానం అణియమే. వేటకు ముందు కొత్త గుడ్డ, కొత్త దండ కట్టి ఆమెకు నైవేద్యం పెడతారు. అంటే ఊరికి చావ్ ఫో, పడవకు మే యా నాంగ్. ఇద్దరికీ చెప్పకుండా పడవ కదలదు.

కాబట్టి ఎవరైనా పడవ ఎక్కమని పిలిచినా అణియం మీద కాలు పెట్టకండి, దాన్ని దాటకండి, ఫోటో కోసం అక్కడ కూర్చోకండి. ఈ ఒక్క నియమం తప్పితే నవ్వుతూ ఉన్న ముఖాలు కూడా మారిపోతాయి.

పడవ కదలాలంటే ప్రభుత్వానికి కూడా చెప్పాలి. 2015 ఏప్రిల్‌లో అక్రమ చేపల వేట విషయంలో యూరోపియన్ యూనియన్ థాయ్‌లాండ్‌కు హెచ్చరికగా పసుపు కార్డు చూపించింది. దాన్ని 2019 జనవరిలో తీసేసింది. ఆ మధ్య కాలంలో రేవుల్లో తనిఖీ కేంద్రాలు వచ్చాయి. పెద్ద వాణిజ్య పడవలు వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు కాగితాలు, సిబ్బంది లెక్క చూపాలి. పడవ ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా కనిపెట్టే పరికరం ఉండాలి. మీరు వచ్చిన ఉదయం ఏ పడవ కదలకపోతే దేవుడి దగ్గర లోపమేమీ లేదు, బహుశా కాగితాల దగ్గరే ఆగి ఉంటుంది.

ఇక్కడ వలలు లాగే చేతుల్లో, చేపలు శుభ్రం చేసే చేతుల్లో ఎక్కువ భాగం మయన్మార్ నుంచి వచ్చినవాళ్లవి. బర్మన్లు, మోన్‌లు. బజారులో బర్మా లిపి బోర్డులు కనిపిస్తాయి. ఈ రంగంలో వెట్టిచాకిరీ గురించి గత దశాబ్దంలో ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. అందుకే కెమెరా ఎత్తితే కొందరు ముఖం తిప్పుకుంటారు. వాళ్లకు దాని వెనక భయాలుంటాయి. అడిగి తీయండి, వద్దంటే దించేయండి. పడవలను, నదిని ఎంతైనా తీసుకోండి.

పంటు మీద తా చలోమ్‌కు

రేవు నుంచి అవతలి ఒడ్డుకు పంటు నడుస్తూనే ఉంటుంది. మనుషులు, మోటారుసైకిళ్లు కలిసే ఎక్కుతారు. రుసుము కొద్ది బాత్‌లు. కొన్ని నిమిషాల ప్రయాణమే కానీ దీన్ని వదలకండి. ఇవతలి ఒడ్డున అడ్డంగా, పొడవుగా లంగరేసిన పడవల వరస అంతా నది మధ్య నుంచే ఒక్క చూపులో అందుతుంది. పండుగనాడు మూర్తిని దాటించేది ఈ నీళ్ల మీదే.

తా చలోమ్ చిన్న ఊరు. బ్యాంకాక్ బయట దేశంలో మొట్టమొదటి స్థానిక పారిశుద్ధ్య పాలనా ప్రాంతం ఇదే. ఐదవ రామా రాజు కాలంలో, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఏర్పడింది. ఊళ్లో వీధి బురదగా ఉందని రాజు అన్న మాటకు జనం చందాలు వేసుకుని రోడ్డు బాగుచేశారన్నది ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకునే కథ. థాయ్‌లాండ్‌లో స్థానిక పాలన దినం మార్చి 18న జరుపుకోవడానికి మూలం ఈ ఊరే. మూడు చక్రాల తొక్కుడు రిక్షాలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఒకటి మాట్లాడుకుని నది మొగ వైపున్న వాట్ చోంగ్ లోమ్ అనే బౌద్ధ ఆలయం దాకా వెళ్లండి. అక్కడ నీళ్ల వైపు నిలబడ్డ చైనావాళ్ల కరుణా దేవత గువాన్ యిన్ ఎత్తయిన విగ్రహం, ఆవల సముద్రంలోకి జారుతున్న నది. మహాచాయ్ గుళ్లో చెప్పి బయలుదేరిన పడవలు ఈ అమ్మ ముందు నుంచే బయటికి వెళతాయి.

మేక్లాంగ్ కూడా చూడాలంటే ఇక్కడి బాన్ లేమ్ స్టేషన్ నుంచి రైలెక్కాలి. రోజుకు నాలుగే రైళ్లు, మరో గంట ప్రయాణం. ముందు రోజే వేళలు చూసి పెట్టుకోండి, తప్పిపోతే మూడు గంటలు ఎదురుచూడాలి.

ఓపిక ఉంటే: చుక్కాని మనిషి గుడి

కాలువ కథ దగ్గరికి వచ్చాం. 1704లో అయుథయను ఏలుతున్న ‘పులి రాజు’ సుఅ చేపలు పట్టడానికి ఎకచాయ్ అనే రాజనౌకలో ఖోక్ ఖాం కాలువ మీదుగా వెళ్తున్నాడు. ఆ కాలువ మెలికల మయం. ఒక మలుపులో నౌక అణియం చెట్టుకు తగిలి విరిగింది. చుక్కాని పట్టిన ఫన్ థాయ్ నొరసింగ్ ఒడ్డుకు దిగి, చట్టప్రకారం తన తల తీయమన్నాడు. రాజు క్షమించాడు, నొరసింగ్ ఒప్పుకోలేదు. మట్టితో అతని బొమ్మ చేయించి ఆ బొమ్మ తల నరికించాడు, దానికీ అతను ఒప్పుకోలేదు. ఒకరికి మినహాయిస్తే చట్టం పలచనైపోతుందన్నాడు. చివరికి శిక్ష అమలైంది. విరిగిన అణియంతో పాటు అతని తలను నిలిపి గుడి కట్టించారని రాజుల చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఆ తర్వాతే మెలికలు తప్పించి తిన్నని కాలువ తవ్వడం మొదలైంది. తర్వాతి రాజు కాలంలో పూర్తయిన ఆ కాలువే మహాచాయ్ కాలువ. దాని మొగకే కోట, ఆ కోట పక్కనే మీరు పొద్దున దండం పెట్టిన దేవుడు.

ఈ గుడి ముందు తెడ్లు, ముష్టియుద్ధపు చేతి తొడుగులు, గుట్టలు గుట్టలుగా కోడిపుంజు బొమ్మలు కనిపిస్తాయి. నొరసింగ్‌కు ముష్టియుద్ధం, కోడిపందేలు ఇష్టమని నమ్మి మొక్కు తీర్చుకున్నవాళ్లు తెచ్చినవవి. సంక్రాంతి పందేల ఊళ్ల నుంచి వెళ్లేవారు ఇక్కడ కాస్త ఎక్కువసేపే నిలబడతారని నా అనుమానం. ఒక్క జాగ్రత్త: ఇదే పేరుతో ఖోక్ ఖాంలో పాత గుడి, కొంత దూరంలో విశాలమైన చారిత్రక ఉద్యానం రెండూ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో టాక్సీ ఎక్కేముందే మ్యాపులో తేల్చుకోండి. ఇక్కడికి రైలు లేదు, మహాచాయ్ నుంచి టాక్సీ మాట్లాడుకుని, తిరుగు ప్రయాణానికి కూడా ఆపుకోవడం మేలు. ఖోక్ ఖాం దారిలో ఉప్పు మడులు, చలికాలంలో వాటి మీద వాలే వలస పక్షులు ఉంటాయి. ప్రపంచంలో కొన్ని వందలే మిగిలిన చెంచా ముక్కు ఉల్లంకిని చూడటానికి దూరదేశాల నుంచి పక్షి ప్రేమికులు ఈ మడుల గట్ల మీదికే వస్తారు.

తిండి, తిరుగు ప్రయాణం

చేపలు తినేవారికి ఈ ఊరు పండగే. నది ఒడ్డు హోటళ్లలో ధరలు బరువును బట్టి ఉంటాయి కాబట్టి వండకముందే తూకం, ధర అడగాలి. శాకాహారులకు కష్టం. కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు. ‘కిన్ జే’ అని చెప్పండి, పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న దుకాణం వెతకండి. అక్కడ మాంసం, చేప, గుడ్డు ఏదీ ఉండదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. దొరకకపోతే బజారులో మామిడి, జామ, కొబ్బరి నీళ్లు, జిగురు బియ్యం అన్నంతో పూట గడిపేయవచ్చు.

వాంగ్‌వియన్ యాయ్‌కు రైళ్లు సాయంత్రం దాకా ఉంటాయి. రాగానే స్టేషన్ బోర్డు మీది తిరుగు వేళలను ఫోటో తీసి పెట్టుకోండి. ఎండుచేపలు కొంటే రెండు పొరల కవరు అడగండి, కట్టేవాళ్లకు ఆ బాధ తెలుసు. విమానంలో తేవాలనుకుంటే గాలి తీసి మూసిన ప్యాకెట్లే కొనండి, మన కస్టమ్స్ నిబంధనలు ముందే చూసుకోండి.